పొట్టేలు కొయ్యొద్దని రాజుగారు చెప్పిన ఏడాది

ఈరోజు మనం మొరాకో వెళ్తున్నాం. మ్యాప్‌లో ఆఫ్రికా ఖండం పైన, ఎడమ చేతి మూలకి ఉంటుంది చూడండి, స్పెయిన్‌కి సరిగ్గా కింద, అదే.

2025 ఫిబ్రవరి 26న అక్కడి ప్రభుత్వ టీవీలో మత వ్యవహారాల మంత్రి అహ్మద్ తౌఫీక్ ఒక ఉత్తరం చదివి వినిపించాడు. ఆ ఉత్తరం రాసింది దేశానికి రాజు, ఆరో మహమ్మద్. సారాంశం ఒక్క ముక్కలో చెప్పాలంటే, ఈ ఏడు బక్రీద్‌కి ఎవరూ పొట్టేలు కొయ్యకండి. వరసగా కరువులు, దేశంలో మందలు తరిగిపోయాయి, ధరలు మండిపోతున్నాయి, లేనివాళ్లు నలిగిపోతారు. మీ అందరి తరఫున నేను కోస్తాను, మీరు ఆగండి.

ఒక్క క్షణం ఆలోచించండి. దాదాపు జనమంతా ముస్లింలే ఉన్న దేశం. బక్రీద్‌ని అక్కడ ‘ఈద్ ల్ కబీర్’ అంటారు, అంటే పెద్ద పండగ. మనకి సంక్రాంతికి ముగ్గులు పెట్టొద్దు, అరిసెలు వండొద్దు, కోడిపుంజు ముఖం చూడొద్దు అని ముఖ్యమంత్రి టీవీలోకి వచ్చి చెప్తే ఎలా ఉంటుంది? అలాంటిది. మరి రాజు ఆ మాట ఎందుకు అనాల్సి వచ్చింది, అనే హక్కు ఆయనకి ఎక్కడ నుంచి వచ్చింది, ఆ మాటతో కొండల్లో గొర్రెలు కాసుకునే వాడికి ఏమైంది, ఇదీ ఇవాళ్టి టాపిక్. మతం గురించి వాదన పెట్టుకోవడానికి కాదు. ఒక పల్లెటూరి ఆర్థిక వ్యవస్థలో ఒక్క రోజు పండగ ఎంత బరువు మోస్తుందో చూడటానికి.

ముందు బేసిక్స్. ఇబ్రహీం ప్రవక్త దేవుడి ఆజ్ఞ మీద కొడుకునే బలి ఇవ్వడానికి సిద్ధపడితే, ఆఖరి క్షణంలో కొడుకు బదులు పొట్టేలు వచ్చిందనేది కథ. దాన్ని గుర్తు చేసుకుంటూ జుల్ హిజ్జా నెల పదో రోజున ఖుర్బానీ ఇస్తారు. ఇంతవరకు చాలామందికి తెలుసు. చాలామందికి తెలియంది ఏంటంటే, ఈ ఖుర్బానీ రూల్స్ ప్రపంచమంతా ఒకేలా ఉండవు. మన హైదరాబాద్, కర్నూలు ముస్లింలలో ఎక్కువమంది హనఫీ పద్ధతి పాటిస్తారు. అందులో స్తోమత ఉన్నవాడికి ఖుర్బానీ తప్పనిసరి. పెద్ద జీవం అయితే ఏడుగురు కలిసి వాటాలు వేసుకోవచ్చు. మొరాకోలో నడిచేది మాలికీ పద్ధతి. అక్కడ అది గట్టిగా చెప్పిన సున్నత్, అంటే చేస్తే చాలా మంచిది, కానీ చెయ్యకపోతే పాపం అనేంత తప్పనిసరి కాదు. ఇంకో తేడా, మాలికీలో నలుగురైదుగురు డబ్బులు పోగేసి ఒక జీవాన్ని కొనడం కుదరదు. ఇంటి యజమాని తన డబ్బుతో కొంటాడు, పుణ్యంలో ఇంటిల్లిపాదినీ కలుపుకుంటాడు.

ఇది ఏదో పుస్తకాల్లోని చిన్న తేడా అనుకుంటారు. కాదు. ఈ రెండు రూల్స్ కలిసి మొరాకో పల్లెల తలరాత రాశాయి. మొదటి రూల్ వల్ల రాజు ‘ఈసారి వద్దు’ అనగలిగాడు. రెండో రూల్ వల్ల ఇంటికొక పొట్టేలు కావాలి. అంటే దేశంలో ఎన్ని ఇళ్లున్నాయో దాదాపు అన్ని పొట్టేళ్లు, ఒకే రోజుకి. మామూలు ఏడాదిలో అక్కడ పండగకి తెగేవి సుమారు 50 నుంచి 60 లక్షల జీవాలు. చేతులు మారే డబ్బు వెయ్యి కోట్ల దిర్హామ్‌ల పైమాటే. 2025 మధ్యలో ఒక దిర్హామ్ మన 9 రూపాయల పైన ఉండేది, మీరే గుణించుకోండి.

ఇప్పుడు ఈ డబ్బు ఎటు నుంచి ఎటు పోతుందో చూడండి. మామూలు రోజుల్లో పల్లె నుంచి పట్నానికి పోతుంది కదా డబ్బు. ఎరువులకి, ఫోన్ రీఛార్జ్‌కి, పిల్లల చదువుకి, ఆస్పత్రికి, అన్నిటికీ పల్లెవాడే పట్నానికి కడతాడు. ఈ పండగ ముందు రెండు మూడు వారాలు మాత్రం ప్రవాహం తిరగబడుతుంది. కాసాబ్లాంకా, రబాత్, ఫెస్ లాంటి ఊళ్లలో ఆఫీసు ఉద్యోగి, టాక్సీ డ్రైవరు, ఫ్యాక్టరీ కూలీ జేబులోంచి తీసిన నోట్లు సీదా పీఠభూముల మీద గొర్రెలు కాసేవాడి చేతికి వెళ్తాయి. ఏ ప్రభుత్వ పథకమూ ఒకే నెలలో, అన్ని పల్లెలకీ, అంత నగదు చేర్చలేదు. అదీ చేతికి చెయ్యి, బ్యాంకు అకౌంట్ అక్కర్లేకుండా.

ఆ డబ్బుతో పెంపకందారు ఏం చేస్తాడు? పాత బాకీ తీరుస్తాడు. విత్తనాలు కొంటాడు. కూతురి పెళ్లి పెట్టుకుంటాడు. గొర్రె అంటే అక్కడ పల్లెవాడికి బ్యాంకు. మంచి ఏడాదిలో మిగిలిన గింజల్ని గొర్రెల్లోకి మారుస్తాడు, చెడ్డ ఏడాదిలో ఒకటొకటిగా అమ్ముకుని తింటాడు. పొట్టేలుది మాత్రం వేరే లెక్క. అది ఫిక్స్‌డ్ డిపాజిట్. మెచ్యూరిటీ డేట్ పండగ.

పొట్టేలు అంటే ఏ పొట్టేలైనా సరే అనుకోకండి. మొరాకోలో ఈ పండగకి హీరో ‘సర్దీ’ జాతి. ఒళ్లంతా తెలుపు, కళ్ల చుట్టూ నల్లగా, అచ్చం కూలింగ్ గ్లాసెస్ పెట్టుకున్నట్టు, మూతి దగ్గర ఇంకో నల్ల మచ్చ, మెలి తిరిగిన కొమ్ములు. సెత్తాత్, ఖురిబ్గా వైపు మైదానాల్లో పెరుగుతుంది. మధ్య అట్లాస్ కొండల్లో గోధుమరంగు ముఖంతో తిమహ్‌దీత్ అని ఇంకో జాతి. తూర్పు ఎడారి అంచున బెనీ గిల్. సర్దీకి ధర ఎక్కువ పలకడానికి కారణం మాంసం రుచి ఒక్కటే కాదు, అందం. పట్నంలో పిల్లలు దాన్ని మేడ మీద కట్టేసి రెండు రోజులు ముద్దు చేస్తారు, పక్కింటివాళ్లు వచ్చి కొమ్ములు చూసి వెళ్తారు.

షరతులు కూడా ఉన్నాయి. కన్ను పోయింది, కుంటుతున్నది, జబ్బు పడింది, ఎముకలు తేలి బక్కచిక్కింది పనికిరాదు. కనీస వయసు నిండాలి. ఈ షరతుల్ని కరువు ఏడాదిలో పెట్టి చూడండి. గడ్డి లేదు, బార్లీ దొరకదు, మందలో సగం బక్కచిక్కి ఉంటాయి. అంటే సరిగ్గా కరువు వచ్చినప్పుడే ‘పనికొచ్చే’ జీవాల సంఖ్య ఇంకా తగ్గుతుంది, ధర ఇంకా పైకి పోతుంది. డిమాండ్ మాత్రం అంగుళం కూడా కదలదు. ఎందుకంటే ఇంటికొకటి కావాలి.

ఇంకో మెలిక ఉంది, నాకు ఈ టాపిక్‌లో బాగా నచ్చింది ఇదే. గొర్రె ఈనడం, గడ్డి మొలవడం, వాన కురవడం, ఇవన్నీ సూర్యుడి లెక్కలో జరుగుతాయి. పండగ చంద్రుడి లెక్కలో వస్తుంది. ఇస్లామిక్ క్యాలెండర్‌లో అధిక మాసాలు లేవు, ఏడాదికి 354 రోజులే. మన పంచాంగంలో అధిక మాసం కలిపి చంద్రుణ్ణి సూర్యుడి దగ్గరకి లాక్కొస్తాం కదా, అందుకే దసరా ఎప్పుడూ సెప్టెంబరు, అక్టోబరు దాటదు. వాళ్లకి అలా కాదు. పండగ ఏటా 11 రోజులు ముందుకి జరుగుతూ దాదాపు 33 ఏళ్లలో అన్ని రుతువులూ చుట్టేస్తుంది.

పెంచేవాడి వైపు నుంచి చూడండి. మొరాకోలో వానలు ఎక్కువగా నవంబరు నుంచి ఏప్రిల్ దాకా. పండగ వసంతంలో పడితే కొండ మీద పచ్చిక ఉచితం, పొట్టేలు దానంతట అదే ఒళ్లు చేస్తుంది. వేసవి మొదట్లో పడితే కోసిన గోధుమ, బార్లీ మళ్లల్లో దంట్లు, రాలిన గింజలు ఉంటాయి. అదే అక్టోబరులో పడితే? ఎండాకాలమంతా దాణా కొని మేపాలి. అదే పొట్టేలు, అదే పండగ, కానీ ఖర్చు రెండింతలు. ఒక పెంపకందారు తన జీవితంలో ఈ చక్రాన్ని ఒకసారి పూర్తిగా చూస్తాడు, అదృష్టవంతుడైతే రెండోసారి మొదలవడం చూస్తాడు. తండ్రి నేర్పిన లెక్క కొడుక్కి నేరుగా పనికిరాదు, ఎందుకంటే తండ్రి కుర్రాడిగా ఉన్నప్పుడు పండగ వేరే రుతువులో ఉండేది.

ఇక అంగడి. మొరాకోలో వారం సంతల్ని ‘సూక్’ అంటారు, ఊళ్ల పేర్లే సంతల పేర్లు. సూక్ ఎల్ అర్బా అంటే బుధవారం సంత, ఇప్పుడదొక పట్టణం. మన దగ్గర అంగడి రోజు తెలియకుండా పల్లెటూరి క్యాలెండర్ ఉండనట్టే. ఈ సంతల్లో ‘షెన్నాకా’ అనే దళారులు ఉంటారు. తెల్లారకముందే వచ్చి, పెంచినవాడి దగ్గర మంద మొత్తం గుత్తగా కొనేసి, అదే సంతలో రెండు గంటల తర్వాత, లేదా పట్నంలో రెండు రోజుల తర్వాత, ఎక్కువకి అమ్ముతారు. పండగ ధరలు పెరిగినప్పుడల్లా దేశమంతా వీళ్లనే తిడుతుంది. కొంతవరకు న్యాయమే. కానీ కొండమీద నుంచి లారీ మాట్లాడుకుని, పట్నంలో నాలుగు రోజులు షెడ్డు అద్దెకి తీసుకుని, అమ్ముడుపోని జీవాన్ని తిరిగి తీసుకెళ్లే స్తోమత 10 గొర్రెలున్న మనిషికి లేదు. ఆ రిస్కు ఎవరో ఒకరు మోయాలి. మోసినందుకు వాళ్లు తీసుకునే కూలి ఎంత ఉండాలన్నదే గొడవ. మన మిర్చి యార్డులో జరిగే గొడవ కూడా ఇదే కదా.

సరే, డబ్బు పక్కన పెట్టి పండగ రోజు ఊళ్లోకి వెళ్దాం. ఎడ్వర్డ్ వెస్టర్‌మార్క్ అని ఫిన్లాండ్ పండితుడు 1898 నుంచి మొరాకోకి వెళ్తూ, అక్కడి ఊళ్లలో ఏళ్ల తరబడి తిరిగి, 1926లో రెండు పెద్ద సంపుటాలు అచ్చు వేశాడు. అబ్దెల్లా హమ్మూదీ అనే మొరాకో ఆంత్రొపాలజిస్టు మరాకేష్‌కి దక్షిణాన, తుబ్‌కాల్ శిఖరం కింద ఉన్న అయిత్ మిజానె లోయలో ఈ పండగ చూసి 1988లో ఒక పుస్తకం రాశాడు. వీళ్లు చెప్పినవాటిలో మసీదు పుస్తకాల్లో లేని సంగతులు చాలా ఉన్నాయి. కోసే ముందు పొట్టేలు తలకి గోరింట పెడతారు, కంటికి సుర్మా పెడతారు, నోట్లో బార్లీ గింజలు, ఉప్పు వేస్తారు. ఇదంతా ఆడవాళ్ల పని. మత పండితులు మూఢనమ్మకం అంటారు, ఇంట్లో అమ్మమ్మ వినదు. పోచమ్మ దగ్గర పొట్టేలుకి పసుపు రాసి బొట్టు పెట్టడం చూసిన మనకి ఇదేం వింతగా అనిపించదు.

కొయ్యడానికి ఒక వరస ఉంది. మాలికీ పద్ధతిలో నమాజు తర్వాత ముందు ఇమాం కోస్తాడు, ఆ తర్వాతే ఇంటి యజమాని కొయ్యాలి. ముందే కోస్తే అది ఖుర్బానీ కాదు, ఉత్త మాంసం. దేశం మొత్తానికి ఇమాం ఎవరు? రాజు. మొరాకో రాజుకి ‘అమీర్ అల్ మూమినీన్’, అంటే విశ్వాసుల నాయకుడు అని బిరుదు, రాజ్యాంగంలోనే ఉంది. ఆయన ప్రతి ఏటా అందరూ చూస్తుండగా పొట్టేలు కోస్తాడు, ఇప్పుడైతే టీవీలో లైవ్. ప్రవక్త రెండు పొట్టేళ్లు కోశాడని, ఒకటి తన కుటుంబం కోసం, ఇంకోటి తన సమాజంలో ఇవ్వలేనివాళ్ల కోసం అని హదీసుల్లో ఉంది. రాజు ఉత్తరంలోని ‘మీ తరఫున నేను’ అన్న మాటకి పునాది అక్కడ ఉంది. వెస్టర్‌మార్క్ కాలంలో కొన్ని ఊళ్లలో నమాజు మైదానంలో కోసిన పొట్టేలును వెంటనే కంచరగాడిద మీదో గుర్రం మీదో వేసుకుని ఊళ్లోకి ఉరికేవాళ్లట. గడప చేరేసరికి అది ఇంకా ఊపిరితో ఉంటే ఆ ఏడు ఊరికి మంచిది, లేకపోతే చెడు. చదవడానికే కష్టంగా ఉంది నాకు, కానీ ఊరి భవిష్యత్తు మొత్తాన్ని ఆ జీవం మీద ఎంతగా పెట్టుకున్నారో దాంతో తెలుస్తుంది.

ఈ రాజు, పొట్టేలు సంబంధం రాజకీయంగా కూడా పేలింది ఒకసారి. మొరాకో 1912 నుంచి 1956 దాకా ఫ్రెంచివాళ్ల కింద ఉంది. స్వాతంత్ర్యం అడుగుతున్న సుల్తాన్ ఐదో మహమ్మద్‌ని ఫ్రెంచివాళ్లు 1953 ఆగస్టు 20న గద్దె దింపి దేశం దాటించారు. ఏ రోజు? సరిగ్గా పెద్ద పండగ ముందు రోజు. జనం తరఫున కత్తి పట్టాల్సిన మనిషిని ముందు రోజు ఎత్తుకెళ్లారన్నమాట. ఇప్పటికీ ఆగస్టు 20 వాళ్లకి జాతీయ సెలవు.

కోసిన తర్వాత అసలు సామాజిక పని మొదలవుతుంది. మొదటి రోజు కాలేయం. దాన్ని కొవ్వు పొరలో చుట్టి బొగ్గుల మీద కాలుస్తారు, ‘బుల్ఫాఫ్’ అంటారు. ఒళ్లు మొత్తం రాత్రంతా వేలాడదీసి రెండో రోజు ముక్కలు కొడతారు. మూడు భాగాలు చెయ్యమనేది మంచి పద్ధతిగా చెప్తారు, ఇంటికి, చుట్టాలకి, లేనివాళ్లకి. కోసినవాడికి కూలిగా ఆ జీవం మాంసమో తోలో ఇవ్వకూడదు, కూలి విడిగా ఇవ్వాలి. చిన్న రూల్ లాగా ఉంటుంది గానీ, పేదల వాటా కూలి లెక్కలోకి జారిపోకుండా వేసిన తాళం అది.

మాంసం తినే రోజులు ఏడాదికి వేళ్ల మీద లెక్కపెట్టుకునే కొండ ఊళ్లలో ఈ ఒక్క జీవం చాలా దూరం రావాలి. అందుకే ఆడవాళ్లు మాంసాన్ని పొడుగ్గా కోసి ఉప్పు, మసాలా పట్టించి తాడు మీద ఎండబెడతారు, ‘గెద్దీద్’ అని. మన దగ్గర ఎండు తునకలు చేసినట్టే. అది తర్వాతి నెల ఆషూరా దాకా వస్తుంది. పట్నాల్లో కూలీ చేసుకునేవాళ్లు, ఫ్రాన్స్, బెల్జియంలో ఉన్నవాళ్లు ఊరికి వస్తారు. పొలం గట్టు తగాదాలు ఆ వారంలోనే తేలతాయి, పెళ్లి మాటలు ఆ వారంలోనే కుదురుతాయి. పండగ లేకపోతే వాళ్లకి ఊరికి వచ్చే డేట్ ఉండదు.

పండగ మర్నాడు ఇంకో ఆట ఉంది. ఊరి కుర్రాళ్లలో ఒకడు కోసిన జీవాల తోళ్లు ఒంటి నిండా కట్టుకుని, ముఖానికి నలుపు పూసుకుని బయల్దేరతాడు. బెర్బర్ భాషలో ‘బిల్మావ్న్’, అరబ్బీలో ‘బూజ్లూద్’, రెండింటికీ అర్థం తోళ్లవాడు అని. వెనక మేళం. ఇంటింటికీ వెళ్లి గిట్టతో జనాన్ని కొడతాడు, ఆ దెబ్బ తగిలితే మంచిదంటారు, చందాలు వసూలు చేస్తాడు, పెద్దమనుషుల్ని అందరి ముందూ ఎగతాళి చేస్తాడు. హమ్మూదీ పుస్తకంలో ఎక్కువ భాగం ఈ తోళ్లవాడి గురించే. ముందు రోజు అంత పవిత్రంగా ఉన్న ఊరు మర్నాడు పగటివేషాల ఊరైపోతుంది. అగాదిర్ వైపు ఇప్పుడు దీన్ని పెద్ద కార్నివాల్‌లా చేస్తున్నారు.

ఇంత బరువున్న పండగని ఆపమనడం 2025లో మొదటిసారి కాదు. ఇప్పటి రాజు తండ్రి రెండో హసన్ మూడుసార్లు ఆపాడు: 1963, 1981, 1996. 1963 గురించి నెట్‌లో వెతికితే అల్జీరియాతో ‘ఇసుక యుద్ధం’ వల్ల అని చాలాచోట్ల కనిపిస్తుంది. నేను చాంద్రమాన లెక్క వేసి చూశాను. ఆ ఏడు బక్రీద్ మే మొదట్లో. ఆ యుద్ధం మొదలైంది అక్టోబరులో. ఇంకా జరగని యుద్ధం పండగని ఎలా ఆపుతుంది? ఒకరు రాసింది ఇంకొకరు కాపీ కొట్టుకుంటూ పోయారు, అంతే. 1981కి వస్తే అది భయంకరమైన కరువు. ఆ జూన్‌లోనే తిండి ధరలు పెంచారని కాసాబ్లాంకాలో అల్లర్లు జరిగి, కాల్పుల్లో జనం చచ్చిపోయారు. పండగ అక్టోబరులో, అంటే ఇందాక చెప్పిన ఖరీదైన రుతువులో పడింది. రొట్టె కోసం కాల్పులు జరిగిన నాలుగు నెలలకి ఇంటికో పొట్టేలు కొనమని ఏ ప్రభుత్వం అనగలదు?

1996 ఇంకా ఆసక్తికరం. ఆ ఏడాది మొరాకోలో వానలు బ్రహ్మాండంగా పడ్డాయి, పంట రికార్డు స్థాయిలో వచ్చింది. మరి ఎందుకు ఆపారు? ఎందుకంటే కరువు దాని ముందు ఏడాది, 1995లో వచ్చింది. ఆ ఏడు ధాన్యం 1994 పంటలో అయిదో వంతు కూడా రాలేదు. మేత కొనడానికి జనం ఆడగొర్రెల్ని అమ్మేసుకున్నారు. వాన వస్తే గడ్డి ఒక నెలలో మొలుస్తుంది, మంద మొలవదు. గొర్రె కట్టాలి, అయిదు నెలలు మొయ్యాలి, ఈనాలి, పిల్ల పెరగాలి. కరువు పోయినా దాని దెబ్బ మందలో రెండు మూడేళ్లు ఉంటుంది.

ఇక్కడ మీలో ఎవరికైనా డౌట్ రావాలి. పండగకి కోసేది పొట్టేళ్లని కదా, మగ జీవాలు తగ్గితే మందకి నష్టమేంటి, పిల్లల్ని కనేది ఆడవే కదా అని. కరెక్టే. కానీ దేశం ఏడాది పొడుగునా మాంసం తింటుంది. ఒక్క రోజులో 50 లక్షల మగ జీవాలు అయిపోతే మిగతా నెలల్లో కసాయి కత్తి కింద పడేది ఆడగొర్రె. పండగ ఆపితే ఆ పొట్టేళ్లే మిగతా ఏడాది మాంసంగా వెళ్తాయి, ఆడవి బతుకుతాయి.

కొండల్లోని బెర్బర్ జనానికి ఈ లాజిక్ కొత్త కాదు. వాళ్లకి ‘అగ్దాల్’ అని ఒక కట్టుబాటు ఉంది. ఊళ్లన్నీ కలిసి ఒక పచ్చిక బయలుని కొన్ని నెలలు మూసేస్తాయి, ఒక్క మంద కూడా లోపలికి పోకూడదు. మరాకేష్ పైన ఉకైమెదెన్‌లో మార్చి మధ్య నుంచి ఆగస్టు 10 దాకా మూత. గడ్డి విత్తనం రాల్చాక, చెప్పిన రోజున తెరుస్తారు. నాకైతే రాజు ఉత్తరం దేశం మొత్తానికి పెట్టిన అగ్దాల్ లాగా కనిపించింది. తేడా ఒక్కటే, అసలు అగ్దాల్‌లో మూసేదీ నష్టపోయేదీ లాభపడేదీ ఆ ఊరివాళ్లే.

2025లో అలా కాదు. ప్రభుత్వం చెప్పిన లెక్క ప్రకారం 2016 గణనతో పోలిస్తే పశుసంపద 38 శాతం తగ్గింది. అంతకు ముందు రెండేళ్లు విదేశాల నుంచి జీవాల్ని దింపారు, తెచ్చిన ఒక్కో గొర్రెకి 500 దిర్హామ్‌ల సబ్సిడీ దిగుమతిదారులకి ఇచ్చారు. అయినా సంతలో ధర దిగలేదు. 2024లో ఓ మాదిరి పొట్టేలు ధర నెల కనీస వేతనాన్ని దాటింది. ఆ సబ్సిడీ ఎవరి జేబులోకి పోయిందని తర్వాత పార్లమెంటులో పెద్ద రచ్చ జరిగింది. అక్కడి ప్రణాళికా సంస్థ సర్వేలో ఖుర్బానీ ఇవ్వని కుటుంబాలు 2014లో వందకి 5 లోపు, 2022కి 12 పైన. పక్కింటి మేడ మీద పొట్టేలు అరుస్తుంటే తన పిల్లలు అడిగే ప్రశ్నకి జవాబు లేని తండ్రులు వాళ్లు. అప్పు చేసి కొన్నవాళ్లు ఆ లెక్కలోకి రారు. పండగ కోసమే ప్రత్యేకంగా లోన్లు ఇచ్చే కంపెనీలు ఉన్నాయి అక్కడ.

అందుకే ఉత్తరం చదవగానే పట్నంలో చాలామంది ఊపిరి పీల్చుకున్నారు. ‘అందరికీ లేదు’ అన్నప్పుడు ‘నాకు లేదు’ అనే సిగ్గు ఉండదు. సంతలో మాత్రం ఆ వారమే ధరలు పడిపోయాయి. పొట్టేళ్లని పండగ కోసమని నెలల తరబడి, కొన్న దాణాతో, అరువు మీద మేపినవాడి ఫిక్స్‌డ్ డిపాజిట్ మెచ్యూరిటీకి మూడు నెలల ముందు రద్దయింది. పెద్ద మందలున్నవాడు ఆగి, నెమ్మదిగా కసాయిలకి అమ్ముకోగలడు. 10, 15 జీవాలున్నవాడు ఆగలేడు. మేలో ప్రభుత్వం రెండేళ్లకి 620 కోట్ల దిర్హామ్‌ల ప్యాకేజీ ప్రకటించింది, పెంపకందారుల అప్పుల్లో కొంత మాఫీ, దాణాకి సాయం, ఆడగొర్రెని కోతకి పంపకుండా ఉంచుకుంటే డబ్బు. మంచిదే. కానీ ఫిబ్రవరిలో ఉత్తరం, మేలో ప్యాకేజీ. మధ్యలో మూడు నెలల దాణా ఎవరు పెట్టారు?

జనం కూడా పూర్తిగా ఊరుకోలేదు. పండగ దగ్గర పడేసరికి చాలాచోట్ల పశువుల సంతలు మూయించారు. దాంతో మాంసం కొట్ల ముందు క్యూలు, కాలేయం, పేగుల ధరలు ఆకాశానికి. పొట్టేలు లేకపోయినా బొగ్గుల మీద బుల్ఫాఫ్ వాసన రావాలి కదా ఇంట్లో! కొందరు ముందే కోసుకుని దాచుకున్నారు. 2025 జూన్ 7న రాజు చెప్పినట్టే ప్రజల తరఫున కోశాడు, టీవీలో చూపించారు.

మనకి దీనితో ఏంటి సంబంధం అంటారా? 2019 పశుగణనలో దేశంలో గొర్రెలు ఎక్కువ ఉన్న రాష్ట్రం తెలంగాణ, కోటీ 90 లక్షలు. రెండోది ఆంధ్రప్రదేశ్, కోటీ 76 లక్షలు. రెండూ కలిపితే దేశంలోని గొర్రెల్లో దాదాపు సగం. తెలంగాణ సంఖ్య అంత పెరగడంలో 2017లో మొదలైన గొర్రెల పంపిణీ పథకం పాత్ర ఉంది, 20 గొర్రెలు, ఒక పొట్టేలు, లక్షా 25 వేల యూనిట్‌కి 75 శాతం సబ్సిడీ. బక్రీద్ ముందు హైదరాబాద్ రోడ్ల పక్కన తాళ్లు కట్టి పొట్టేళ్లు అమ్మేవాళ్లని ఈసారి పలకరించి చూడండి. చాలామంది గొల్ల, కురుమ కులాలవాళ్లు, జిల్లాల నుంచి వచ్చినవాళ్లు. మల్లన్నకి, బీరప్పకి మొక్కేవాళ్లు ఇబ్రహీం ప్రవక్త పండగ తేదీని నోటికి చెప్తారు, ఎందుకంటే పిల్ల పొట్టేలుని ఎప్పుడు కొని ఎన్ని నెలలు మేపాలో ఆ తేదీని బట్టే లెక్క. చాంద్రమానం వాళ్లకి మతం కాదు, డెలివరీ డేట్. ఇక్కడ ఎవరూ ‘ఈసారి వద్దు’ అని ఉత్తరం రాయరు. కరువొస్తే ఆడగొర్రెని అమ్ముకోవడమా ఆపుకోవడమా అనేది ఎవరికి వాళ్లే తేల్చుకోవాలి.

ఆఖరుగా ఒక లెక్క చెప్పి ఆపేస్తా. పండగ ఏటా 11 రోజులు ముందుకి జరుగుతుంది కదా. 2006లో అలా జరిగి జరిగి మొరాకోలో ఒకే ఏడాదిలో రెండు పెద్ద పండగలు పడ్డాయి, జనవరిలో ఒకటి, డిసెంబరు ఆఖర్లో ఒకటి. మళ్లీ అలా పడేది 2039లో. నెలవంక ఒక రోజు అటూ ఇటూ అయినా జనవరి మొదటి వారంలో ఒకసారి, డిసెంబరు చివరి వారంలో ఇంకోసారి. ఒకే బడ్జెట్ ఏడాదిలో ఇంటికి రెండు పొట్టేళ్లు, దేశానికి కోటి. మీ ఊళ్లో జీవాలు మేపేవాళ్లు ఎవరైనా ఉంటే ఈ మాట చెప్పండి, వాళ్లు ఏమన్నారో నాకు రాయండి.